పండు, ఫలము కాదు

పూతరేకు కాగితమా, మిఠాయా అన్నది తేలక రాష్ట్ర వస్తు వర్గీకరణ నిర్ణాయక మండలి ఏళ్ళ తరబడి తల పట్టుకుని కూర్చుంది. కాగితమైతే ఒక పన్ను, మిఠాయైతే ఇంకో పన్ను. కాగితం అనేవాళ్ళు "పల్చగా ఉంటుంది, మడత పెడతారు, గాలికి ఎగిరిపోతుంది" అని వాదించారు. మిఠాయి అనేవాళ్ళు "తింటారు కదండీ" అన్నారు. తినడం ఒక్కటే ప్రమాణమైతే మేక కాగితం కూడా తింటుంది కదా అని మండలి అధ్యక్షులు గంధం ధర్మారావు గారు ఒక ప్రశ్న వేసి, ఆ ప్రశ్న మీద ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం మేకను పిలిపించింది. మేక పూతరేకూ తింది, కాగితమూ తింది, ఉపసంఘం నివేదికా తింది. కేసు వాయిదా పడింది.

ఆ మండలిలో సుభాషిణి సీనియర్ అసిస్టెంటు. వాయిదా పడ్డ కేసులకి కొత్త తేదీలు వెయ్యడం ఆమె పని. ఇంటి దగ్గర పదకొండు నెలల కూతురు. బారసాలలో పెట్టిన పేరు హంసిని. ఆ పేరు బియ్యంలో రాశాక మళ్ళీ ఎవరూ పలకలేదు. అందరికీ పండే. భర్త తాతారావుకి మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టుంది. పగటిపూట పాపను చూసుకునే అత్తగారు కాశీకి ప్రయాణమయ్యేసరికి, కొట్లో పడుకోబెడితే మరలన్నీ మింగేస్తుందని భయపడి, సుభాషిణి పండుని చంకనేసుకుని ఆఫీసుకి వచ్చేసింది.

సరిగ్గా ఆ పూటే సమావేశపు హాల్లో సాకేత్ ప్రసంగిస్తున్నాడు. సాకేత్ మండలికి కొత్తగా వచ్చిన సలహాదారు. కుర్రాడు. ఎక్కడో ఏదో సెమినారుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మండలిని ఆ సెమినారు ప్రకారం మార్చెయ్యాలని ఉబలాటపడతాడు. పోయిన సెమినారు ధ్యానం మీద జరిగింది కాబట్టి పోయిన నెలంతా గుమాస్తాలు కళ్ళు మూసుకుని ఫైళ్ళు చూశారు. పనిలో పెద్ద తేడా ఏమీ రాలేదు. ఈసారి సెమినారు శిశువుల మీద.

"సార్, మూడు నాలుగు నెలల శిశువు కూడా పిల్లులు వేరు, కుక్కలు వేరు అని గుర్తుపడుతుంది. వరసగా పిల్లి బొమ్మలే చూపించారనుకోండి, కాసేపటికి విసుగొచ్చి మొహం తిప్పేసుకుంటుంది. అప్పుడు కుక్క బొమ్మ చూపిస్తే కళ్ళింత చేసుకుని చూస్తుంది. పాతదైతే విసుగు, కొత్తదైతే చూపు. వర్గీకరణంటే ఇంతే సార్! దీనికి మనకి ఇంతమంది మెంబర్లు, ఇన్ని ఉపసంఘాలు!" అన్నాడు సాకేత్.

ధర్మారావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అనగా, శిశువు యెదుట సిఫార్సులు చెల్లవన్నమాట."

"చెల్లవు సార్."

"లంచములు?"

"నోటిస్తే నోట్లో పెట్టుకుంటుంది సార్. జేబులో పెట్టుకోదు."

హాల్లోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అలాంటి అధికారిని వాళ్ళెవరూ చూసి ఉండలేదు. అంతలో పక్కగదిలోంచి, సుభాషిణి టేబుల్ కిందనుంచి, పండు "కెవ్వు"మంది. తలలన్నీ అటు తిరిగాయి.

కాసేపటికి పండు హాలు మధ్యలో టేబుల్ మీద కూర్చుని ఉంది. అటెండరు నూకరాజు బజారుకి పరిగెత్తి తెచ్చిన మిఠాయిలను వరసగా చూపించారు. లడ్డుని కళ్ళార్పకుండా చూసింది. కాజాని కాస్త చూసింది. అరిసె వచ్చేసరికి చూపు సడలింది. జాంగ్రీ దగ్గర ఆవులించింది. అప్పుడు సాకేత్ పూతరేకు పట్టుకొచ్చాడు. పండు దాన్ని చూసి ఇంకా పెద్దగా ఆవులించి, కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత తెల్లకాగితం చూపించారు. పండు కళ్ళు మెరిశాయి. కాగితం లాక్కుని పర్రున చింపి కిలకిలా నవ్వింది.

ధర్మారావు గారు లేచి నిలబడ్డారు.

"ఆవులించెను! పూతరేకును చూచి ఆవులించెను! కావున అది మిఠాయి!"

వీధిలో పూతరేకుల వర్తకులు టపాకాయలు కాల్చారు. చాలామంది పండుకి దణ్ణం పెట్టారు. సుభాషిణికి కూడా గర్వంగానే అనిపించింది. పదకొండు నెలల పిల్ల ఇంతమంది పెద్దవాళ్ళ చేత శభాష్ అనిపించుకుంటే ఏ తల్లికి ఉండదు? ఇంటికెళ్ళి దిష్టి తీసింది.

మర్నాడే ఉత్తర్వులు వచ్చాయి. "కుమారి హంసిని అను పండును మండలి నిర్ణాయకురాలిగా నియమించడమైనది. పండు అనగా మనిషి, ఫలము కాదు. కనుక ఫలముల షెడ్యూలు వర్తించదు. నిర్ణాయకురాలి తీర్పుపై అప్పీలు లేదు." విద్యార్హతలు అన్నచోట సాకేత్ "ఏవీ లేవు, అదే అర్హత" అని రాయించాడు. చేరిక పత్రం మీద వేలిముద్ర కోసం ఇంకుప్యాడు ఇస్తే పండు దాన్ని నాకేసింది. నీలంగా మారిన నాలుకనే ముద్రగా స్వీకరించారు.

అప్పటినుంచీ మండలి కొలువు పండు నిద్రలేచినప్పుడు మొదలై మళ్ళీ నిద్రపోయినప్పుడు ముగిసేది. నల్లకోటు ప్లీడర్లు గిలకలు పట్టుకొచ్చి వాదించడం నేర్చుకున్నారు. బట్టతల ప్లీడరొకాయన దాగుడుమూతలాడుతూ వాదిస్తే నాలుగు కేసులు వరసగా గెలిచాడు. సుభాషిణి పక్కన కూర్చుని, మధ్యమధ్యలో ఉగ్గు పెడుతూ, ఉగ్గు పెట్టినంతసేపూ "విచారణ నిలిపివేయబడినది" అని రాసుకునేది.

తీర్పులు మాత్రం చకచకా వచ్చాయి. పండు నోట్లో పెట్టుకున్నది ఆహారం. కిందకి విసిరేసింది ఇనుప సామాను. ఒకనాడు హవాయి చెప్పు నోట్లో పెట్టుకుంది. వారం తిరక్కుండా ఊళ్ళో చెప్పుల కొట్లవాళ్ళందరూ ఆహారపదార్థాల లైసెన్సు తీసుకుని, చెప్పుల అడుగున "ఫలానా తేదీలోపు వాడవలెను" అని అచ్చు కొట్టించారు. తేదీ దాటిన చెప్పులతో తిరుగుతున్నవాళ్ళని బస్టాండులో పట్టుకుని నడిరోడ్డు మీద వట్టికాళ్ళతో నిలబెట్టారు.

ఇంతలో పండుకి మాటలొచ్చాయి. మొదటి మాట "బౌ". కిటికీలోంచి కుక్కని చూపించి అంది. అక్కడితో ఆగలేదు. మేకని చూసి బౌ అంది. గేదెని చూసి బౌ అంది. చివరికి అధ్యక్షుల వారి టేబుల్ని చూసి, దాని నాలుగు కాళ్ళనీ చూసి, ఎంతో ప్రేమగా "బౌ" అంది.

"నాలుగు కాళ్ళున్నవన్నీ ఒక వర్గమే సార్. ఎంత లోతైన చూపో చూడండి!" అన్నాడు సాకేత్.

టేబుళ్ళూ కుర్చీలూ మంచాలూ పశువుల జాబితాలోకి చేరాయి. ఆఫీసు టేబుళ్ళకి టీకాలు వెయ్యడానికి పశువైద్యుడు వచ్చాడు. బుద్ధిమంతుడు, ఉద్యోగం మీద భయమున్నవాడు. సిరంజి పట్టుకుని టేబుల్ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"ఏ కాలికి వెయ్యమంటారండీ?"

"వెనుక కాలికి" అన్నారు ధర్మారావు గారు.

టేబుల్‌కి వెనక కాళ్ళేవో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు.

నవ్వాలని అందరికీ ఉండేది. కానీ తీర్పుని చూసి నవ్వడం తీర్పుని ధిక్కరించడమేనని సర్క్యులర్ వచ్చింది కాబట్టి ఇంటికి వెళ్ళి, తలుపులేసుకుని నవ్వేవారు. సుభాషిణీ తాతారావూ కూడా పండుని మధ్యలో పడుకోబెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా పండూ నవ్వేది.

శాఖ మంత్రిగారు పండుని ఎత్తుకుని ఫొటో దిగడానికి వచ్చేదాకా అంతా బాగానే ఉంది.

మంత్రిగారిది గుబురు మీసం. తాతారావుదీ గుబురు మీసమే. పండుకి అప్పుడే రెండో మాట వచ్చింది. కెమెరాలన్నీ చూస్తుండగా, టీవీలవాళ్ళ గొట్టాలన్నీ ముందుండగా, మంత్రిగారి మీసం రెండు చేతులతో పట్టుకుని పండు ఆనందంగా "నాన్న!" అంది.

మంత్రిగారు నవ్వబోయి ఆగారు. "ఏదో పసిపిల్ల, పొరపాటున..."

"పొరపాటు అనుటకు వీలు లేదండి" అన్నారు ధర్మారావు గారు చేతులు కట్టుకుని. "నిర్ణాయకురాలి తీర్పుపై అప్పీలు లేదు. తమరే సంతకము చేసితిరి."

"అయితే ఇప్పుడు నేను...?"

"తమరు నాన్న వర్గములోనికి వచ్చితిరి."

ఆ పూట మంత్రిగారి ఇంట్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు గానీ, మర్నాడు ఆయన మీసం లేకుండా కనిపించారు. మీసమే ఆ వర్గానికి లక్షణమనీ, లక్షణం పోతే వర్గమూ పోతుందనీ సాకేత్ వివరణ ఇచ్చాడు. సాయంత్రానికల్లా మండలిలో మీసాలన్నీ పోయాయి. మంగలిషాపుల ముందు ప్రభుత్వ జీపులు బారులు తీరాయి. పై పెదవులు తెల్లగా తళతళలాడుతూ ఆఫీసులో ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టమైపోయింది.

నూకరాజు ఒక్కడే తీయించుకోలేదు. అరవై దగ్గరపడుతున్న మనిషి. "ఆయ్, తియ్యనండి. ఎవళ్ళన్నా నాన్నా అని పిలిత్తే మాత్రం కాదంటానేటండీ? పిలవనివ్వండి పాపం" అన్నాడు. దాంతో ఉత్తర్వుల ప్రకారం పండుకి ఇద్దరు నాన్నలు మిగిలారు. ఒకడు తాతారావు, ఇంకొకడు నూకరాజు.

ఇక్కడిదాకా సుభాషిణి కూడా నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు.

సిమెంటు వర్తకుడొకడు రోజూ వరండాలో తచ్చాడుతూ, పాలప్యాకెట్ చూపించి "బువ్వ" అనీ, వెంటనే సిమెంటు బస్తా చూపించి "బువ్వ" అనీ అంటూ వచ్చాడు. పదిరోజులకల్లా పండు సిమెంటు బస్తాని చూసి చేతులు చాచి "బువ్వ" అంది. బువ్వకి పన్ను లేదు. సంగతి బయటపడ్డాక సాకేత్ మొహం పాలిపోయింది.

"తప్పు నాదే సార్. రెండు వేరు వేరు వస్తువుల్ని ఒకే పేరుతో పిలిస్తే శిశువు రెండూ ఒకటేనని నమ్మేస్తుంది. పేరులోనే ఉంది సార్ మొత్తం వ్యవహారం. ఎవరు పేర్లు నేర్పితే వాళ్ళదే తీర్పు!"

ధర్మారావు గారు ఆలోచించి ఆజ్ఞ వేశారు. "ఇకమీదట నిర్ణాయకురాలి సమక్షమున నామవాచకములు నిషేధము. సర్వనామములు, క్రియలు మాత్రమే వాడవలెను."

ఆ రోజు నుంచీ ఆఫీసులో మాటలు విచిత్రమైన దారి పట్టాయి.

"నూకరాజూ, అది పట్టుకొచ్చి దాని మీద పెట్టు" అన్నారు ధర్మారావు గారు.

"ఏది దేని మీదండీ?"

"అదే. వేడిగా ఉంటుంది చూడు. తాగుతాము."

"ఆయ్, తెలిసిందండీ" అని వెళ్ళి నూకరాజు, పాప స్నానానికి కాచిన నీళ్ళు బకెట్టుతో తెచ్చి ఫైళ్ళ మీద పెట్టాడు. అధ్యక్షుల వారు టీ అనలేక, కోప్పడలేక, చేతులు తిప్పుతూ ఉండిపోయారు. ప్లీడర్లు "అదేమో ఇది కాదు, ఇదేమో అది" అని గంటల తరబడి వాదించారు. వాళ్ళకి పెద్ద తేడా తెలియలేదు.

సుభాషిణికి మాత్రం ఊపిరాడలేదు. పాపతో మాట్లాడకుండా ఉగ్గెలా పెడుతుంది? కాకి వాలితే "అదిగో కాకి" అనకుండా ఎలా ఉంటుంది? నోరు నొక్కుకుని ఆఫీసులో గడిపి, ఇంటికి వెళ్ళే దారిలో మొదలుపెట్టేది. "ఇది గేటు, ఇది మందారం, అదిగో చెంబు, అదిగో చందమామ." పండు నోరు తెరుచుకుని వినేది. ఒక్కో మాట విన్నాక ఆ వస్తువు వంక కొత్తగా చూసేది. చందమామని చూసిన చూపుతోనే అప్పడాన్నీ చూసి, ఆ రెంటినీ మార్చి మార్చి చూసి, తనకేదో తెలిసినట్టు తల్లి వంక తిరిగేది. ఆ చూపు కోసమే సుభాషిణి సాయంత్రమయ్యేదాకా ఎదురుచూసేది.

ఆ సంగతి మండలికి చేరింది. నిఘా వేసినవాళ్ళు నివేదిక ఇచ్చారు. "తల్లి నోట నామవాచకములు మిక్కిలి అధికము."

సుభాషిణిని పిలిపించారు.

"చూడమ్మా" అన్నారు ధర్మారావు గారు. ఆయన చెడ్డవారు కాదు. గొంతులో నిజంగానే బాధ ఉంది. "తమరు తల్లి అగుట వలన నిర్ణాయకురాలిపై తమకు అనుచితమైన పలుకుబడి యేర్పడుచున్నది."

"తల్లికి పలుకుబడి ఉండకపోతే ఎవరికుంటుంది సార్?"

"అదే మండలి ఆందోళన."

"పోనీ సార్, పండు ఉద్యోగం మానేస్తుంది. నేను రాసిస్తాను రాజీనామా."

"నిర్ణాయకురాలి రాజీనామా నిర్ణాయకురాలే యివ్వవలెను. తమరిచ్చిన యెడల అది పలుకుబడి అగును."

పండుని ఆఫీసు వెనక గెస్ట్‌హౌస్‌లోకి మార్చారు. దానికి "నిర్ణాయక నిలయము" అని బోర్డు పెట్టారు. నామవాచకం పలకని ఆయాని వెతికి వెతికి తెచ్చారు. ఆమె అసలు ఏమీ పలకదు. తల్లి సందర్శకుల వేళల్లో, మిగతా వర్తకులతో పాటు వరసలో నిలబడి, అద్దంలోంచి చూడవచ్చు. మాట్లాడకూడదు. నాన్న వర్గానికి మాత్రం అడ్డులేదు. తీర్పు ఉంది కదా. నాన్నలు ఎప్పుడైనా లోపలికి వెళ్ళవచ్చు.

మొదటిరోజు సుభాషిణి అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది. లోపల పండు కింద కూర్చుని ఎర్ర గిన్నెలన్నీ ఒక పక్కకీ, చెంచాలన్నీ ఇంకో పక్కకీ చేరుస్తోంది. తలెత్తి చూసింది. ఒక క్షణం చూసి మొహం తిప్పేసుకుని మళ్ళీ గిన్నెల పనిలో పడింది. పాతదైతే విసుగు అన్నాడు కదా సాకేత్. నేను పాతదాన్నే కదా, అందుకే తిప్పుకుంది అని సుభాషిణి సర్దిచెప్పుకోబోయింది. మనసు ఒప్పుకోలేదు. వెనక నిలబడ్డ పెయింట్ల వర్తకుడు "కొంచెం జరగండమ్మా" అన్నాడు.

బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర నూకరాజు తలదించుకుని నిలబడి ఉన్నాడు.

"నాకు సిగ్గేత్తందండి సుభాషిణి గారూ. కన్నదేమో మీరు, లోపలికెల్లేదేమో నేను. ఏం సెప్పమంటారు పాపకి?"

"అన్నం తిందో లేదో చూడు బాబాయ్. చాలు" అంది ఆమె.

ఇంటి దగ్గర తాతారావు చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. "ఎత్తుకుంటే నా భుజం మీదనుంచి గుమ్మం వంక చూస్తందే. నీ కోసమే. లోపలికెళ్ళాలంటే మీసం ఉండాలంటున్నారు గదా, పోనీ నువ్వూ ఒకటి పెట్టుకో!"

కసురుకుంది గానీ, అతను కొట్టుకి వెళ్ళాక కాటుక తీసుకుని అద్దం ముందు నిలబడి నిజంగానే మీసం దిద్దుకుంది. బాగానే కుదిరింది. దాన్ని చూసి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళతోనే కాటుకంతా మొహమ్మీదకి జారింది. తుడుచుకుంటూ ఆగిపోయింది.

మీసం పెట్టుకుని వెళ్తే నాన్న అవుతుంది. ఆమెకి నాన్న అవ్వాలని లేదు. తనెవరో పండు చెప్పాలి. పండు చెబితే అప్పీలు లేదు. పండు చెప్పాలంటే పండు ముందుకి వెళ్ళాలి. పండు ముందుకి వెళ్ళేవి వస్తువులు. వస్తువు అనగా వేలు పెట్టి చూపదగినది ఏదైనను అని మండలి నిబంధనల్లోనే ఉంది. అది చదివి సుభాషిణి ఎన్నోసార్లు నవ్వుకుంది. మొహం కడుక్కుని, చీర మార్చుకుని, ఆఫీసుకి వెళ్ళి వస్తువుల వరసలో నిలబడింది.

"ఏ వస్తువును తెచ్చితిరి?" అన్నాడు కౌంటరులో గుమాస్తా అలవాటు కొద్దీ. తలెత్తి చూసి, "అయ్యో మీరా! ఏ వస్తువండీ?" అన్నాడు.

"నన్నే. ఏ షెడ్యూల్లోకి వస్తానో తేల్చమనండి."

మండలి అట్టుడికిపోయింది. సాకేత్ వద్దన్నాడు. తల్లిని చూపిస్తే శిశువు మనసు చెదురుతుందన్నాడు. ధర్మారావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు, బోర్లించారు, వెలుతురుకి ఎత్తి చూశారు. "కోరిన వస్తువును చూపకుండుటకు మనకు అధికారము లేదు" అన్నారు చివరికి. ఆయన గొంతులో ఏదో తేలికదనం వినిపించింది సుభాషిణికి.

విచారణ రోజున హాలు కిక్కిరిసిపోయింది. పద్ధతి ప్రకారం వస్తువుని ఇతర వస్తువుల మధ్య ఉంచాలి. ఒక కుర్చీ, ఒక బకెట్టు, ఒక సైకిలు, తర్వాత సుభాషిణి, ఆమె పక్కన ఒక అరటిగెల. నామవాచకాలు నిషేధం కాబట్టి ఆమె పేరు పిలవలేదు. "ఆ నాలుగోది" అన్నారు. ఆమె కదలకుండా నిలబడింది. ఇన్ని వారాలుగా ఎవరూ ఏ పేరూ పలకని చోట పెరుగుతోంది పిల్ల. అమ్మ అన్న మాట విననే లేదు. ఏమంటుంది? బౌ అంటే ఏం చెయ్యాలి? ఏమీ అనకుండా ఆవులిస్తే?

ఆయా పండుని తెచ్చి కింద దించింది. పండుకి అప్పటికి నడక వచ్చింది. ఆ సంగతి తాతారావు చెప్పాడు గానీ, సుభాషిణి కళ్ళారా చూడడం అప్పుడే. తను చూడకుండానే వచ్చేసిన నడక. తప్పటడుగులు వేసుకుంటూ కుర్చీని దాటింది, బకెట్టుని దాటింది, సైకిలు గంట ఒకసారి తాకి చూసి దాన్నీ దాటింది. సుభాషిణి కాళ్ళ దగ్గర ఆగి తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"కొత్త వస్తువు" అని గొణిగాడు సాకేత్. "చూపు నిలిచింది సార్."

"హుష్!" అన్నారు ధర్మారావు గారు.

పండు సుభాషిణి చీరకుచ్చిళ్ళు పట్టుకుంది. పైకి పాకబోయింది. సుభాషిణికి నిబంధనలు గుర్తులేవు. వంగి ఎత్తేసుకుంది. పండు ఆమె చెంప మీద ఫట్‌మని ఒకటి కొట్టింది, చెవికమ్మ లాగింది, మెడలో మొహం దాచుకుని కాసేపు ఉండిపోయింది. తర్వాత తలెత్తి హాలంతా కలయజూసి, ఎవరో లాక్కుంటారేమోనన్నట్టు రెండు చేతులూ తల్లి మెడ చుట్టూ బిగించి, గట్టిగా, స్పష్టంగా చెప్పింది.

"నాదీ!"

అమ్మ అంటుందని ఎదురుచూసిన సుభాషిణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే ఉన్న కుర్చీలో కూలబడింది.

"ఏమనెను?" అన్నారు ధర్మారావు గారు.

"నాది అన్నదండీ" అన్నాడు నూకరాజు. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

సాకేత్ లేచాడు. "సార్, ఇది చెల్లదు. నాది అనేది వర్గం కాదు సార్. అందులోకి ఏమైనా రావచ్చు. రూపం లేదు, రంగు లేదు, కాళ్ళ లెక్క లేదు..." అంటూ పాపని అందుకోవడానికి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నాదీ!" అని కేక పెట్టింది పండు. అద్దాలు గల్లుమన్నాయి. సాకేత్ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

"అప్పీలు లేదని సలహా యిచ్చినది తమరే కదా నాయనా" అన్నారు ధర్మారావు గారు. గొంతు సవరించుకుని తీర్పు చదివారు. "నాది అను నూతన వర్గము యేర్పరచడమైనది. ఈ వర్గమునకు చెందిన వస్తువును నిర్ణాయకురాలి నుండి వేరు చేయరాదు. నిర్ణాయకురాలి అనుమతి లేనిదే కదల్చరాదు, వాడరాదు. పన్ను లేదు."

అక్కడితో అయిపోతే మండలి ఇవాళ్టికీ నడుస్తూ ఉండేది. కానీ ఆ ఒక్క మాటకి అంత పెద్ద హాలు నోరు మూసుకోవడం పండు గమనించింది. ఏ మాట పని చేస్తుందో తెలిశాక ఏ పిల్లయినా ఊరుకుంటుందా? అమ్మ ఒళ్ళో నిటారుగా కూర్చుని వేలు చాచింది.

మైకుని చూపించింది. "నాదీ."

మైకు ఆపేశారు.

సాకేత్ ల్యాప్‌టాప్‌ని చూపించింది. "నాదీ." సాకేత్ చేతులు పైకెత్తేశాడు. ఫ్యాన్లు నాదీ. బీరువాలు నాదీ. బీరువాల్లో ఫైళ్ళు నాదీ. ప్లీడర్ల నల్లకోట్లు నాదీ. విప్పి కింద పెట్టారు. అరటిగెల నాదీ. ఆఖరుకి పండు వేలు ధర్మారావు గారి వైపు తిరిగి ఆయన కుర్చీ దగ్గర ఆగింది.

"నాదీ."

ధర్మారావు గారు మారుమాట లేకుండా లేచి నిలబడ్డారు. సుభాషిణికి జాలేసింది. "కూర్చోండి సార్, ఫర్వాలేదు" అంది.

"తమరి మాట చెల్లదమ్మా. నిర్ణాయకురాలి అనుమతి కావలెను."

పండు అప్పటికే తల్లి పూసలదండ నములుతూ ఆ పనిలో మునిగిపోయింది. పండు అనుమతి కోసం ఎదురుచూస్తూ మండలి యావత్తూ నిలబడే ఉంది. సుభాషిణి పాపని భుజాన వేసుకుని ఆ నిలబడ్డవాళ్ళ మధ్యనుంచి నడుచుకుంటూ బయటికి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు. వస్తువు, నిర్ణాయకురాలు కలిసి వెళ్తుంటే ఏ నిబంధనా అడ్డురాలేదు.

గేటు దాటగానే సుభాషిణి నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ గొంతులో కుక్కి పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. "ఇదిగో రోడ్డు, పండూ! అదిగో కాకి. అది జిలేబీ బండి. జిలేబీ! అది గోదారి. అవి పడవలు. ఆ తాత తల మీద ఉన్నది తలపాగా. ఇది ఎండ. ఇది నీ ముక్కు." దారినపోయేవాళ్ళు వింతగా చూశారు. పండు ప్రతి మాటకీ తల అటూ ఇటూ తిప్పుతూ, గాలి పీల్చుకున్నట్టు పీల్చుకుంది. జిలేబీ బండి మీద దాని చూపు ఇంకాస్త ఎక్కువసేపు నిలిచింది.

సిటీ బస్సు వచ్చి ఆగింది. సాయంత్రపు రద్దీ. ఎలాగో పాపతో మెట్లెక్కి ఫుట్‌బోర్డు మీద నిలదొక్కుకుంది. పండు తల ఎత్తి ఎర్రటి బస్సుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. కమ్మీలూ, కిటికీలూ, వేలాడే జనమూ. ఎంతో తృప్తిగా వేలు చాచింది.

"నాదీ."

సుభాషిణి గబుక్కున ఆ వేలు పట్టుకుంది.

చంకలో సంచీ సర్దుకుంటూ లేడీ కండక్టరు పండు వంక ఒకసారి చూసింది.

"నీదేనమ్మా బంగారం, కాదని ఎవరన్నారు? కాస్త లోపలికి జరగండి మరి. వెనకాల ఎక్కేవాళ్ళది కూడా ఇదే బస్సు."